గంజి కోసం మతం మారారన్న మాట: ఒంగోలు ప్రాంత మాదిగల చరిత్రపై ఒక జవాబు

మీ నాయనమ్మ గారిది కనిగిరి వైపు మెట్ట పల్లె అనీ, మీరు నెల్లూరులో ఎం.ఏ. చదువుతున్నారనీ, తరగతిలో ఒకరు "ధాత కరువులో (1876–78 నాటి పెద్ద కరువులో) గంజి కోసమే మాదిగలు కిరస్తానీలయ్యారు" అంటే ఏం చెప్పాలో తోచలేదనీ రాశారు. ఆ మాట నిజమా, మాదిగలు మొదటినుంచీ ఊరి వెలుపలే ఉన్నారా, ఎస్సీల వాటాను కులాల వారీగా పంచే వర్గీకరణ కోసం ముప్ఫై ఏళ్ళు ఎందుకు పోరాడవలసి వచ్చింది అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను ఒంగోలులో ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఈ జిల్లా మాదిగపల్లెల్లో ఒకదానిలో పుట్టి పెరిగినవాణ్ణి. మొదటి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను: ఆ మాట నిజం కాదు, తేదీలే దానికి అడ్డం వస్తాయి. అయితే కరువుకు ముందు ఊరి వెలుపలి మాదిగపల్లె ఎలా బతికిందో తెలియకపోతే ఆ తేదీల బరువు తెలియదు కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల మెట్ట సేద్యం ఒకప్పుడు బావుల మీద, ఎద్దుల మీద నడిచింది. ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల బానకు కట్టే తోలు తొండం, ఎద్దుల మెడ పట్టెళ్ళు, చెర్నాకోలకు కట్టే తోలు వారు, రైతు కాలి చెప్పులు, జాతరలో మోగే డప్పు, అన్నీ మాదిగ ఇంటి నుంచే రావాలి. ఊళ్ళో పశువు చస్తే దాన్ని మోసుకుపోయి తోలు ఒలిచే పని మాదిగలది. ఆ తోలును కొన్నాళ్ళు సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు ఊడగీకి, లోపలి కండను రంపెతో చెక్కి, దంచిన తంగేడు చెక్క వేసిన తొట్టిలో, అంటే లందలో, వారాల తరబడి ఊరవేసేవారు. ఎప్పుడు పైకి తీయాలో లెక్క చూసి చెప్పేది కాదు. మా తాత తోలు అంచును రెండు వేళ్ళ మధ్య మడిచి వదిలి, అది లేచే తీరును బట్టి "ఇంకా నాలుగు రోజులు" అనేవాడు. ఆయన తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాని కర్రపిడి మీద అరచేయి ఆనే చోట గుంట పడింది. తోలు పదును తెలుసుకోవడం, సున్నం పాళ్ళు తెలుసుకోవడం, నీళ్ళు కారకుండా తొండం కుట్టడం చేతివిద్యలే కాక రసాయన జ్ఞానం కూడా అని నేను నమ్ముతాను. ఆ జ్ఞానానికి మన పాఠ్యపుస్తకాలు ఒక్క పేరా కూడా ఇవ్వకపోవడం నన్ను ఉద్యోగమంతా బాధించింది.

ఈ పనికి ప్రతిఫలం డబ్బుగా కాక, కోతల తరవాత కళ్ళంలో కొలిచే ధాన్యపు వాటా, అంటే మేర, రూపంలో వచ్చేది. మేరను హక్కు అనేవారు గానీ, కళ్ళం అంచున నిలబడి, రైతు కొలిచి పోసినంత గోనెలో పోయించుకోవడంలో హక్కు ఎంత, దయ ఎంత అన్నది ఆ రైతు మనసును బట్టి ఉండేది. దానికి తోడు వెట్టి: ఊరికి అధికారి వస్తే మూటలు మోయాలి, చాటింపు వేయాలి, కబురు మోయాలి. ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. మాదిగ కుట్టిన తొండం బావిలో దిగవచ్చు, మాదిగ చేద దిగకూడదు. అంటరానితనం అంటే ఏమిటని పిల్లలు అడిగినప్పుడల్లా నేను ఈ ఒక్క ఉదాహరణే చెప్పేవాణ్ణి.

ఇక మీ రెండో ప్రశ్న. ఊరికీ పల్లెకూ మధ్య గీత చాలా పాతది, దాన్ని కాదనలేము. కానీ ఆ గీతను పల్లె ఏనాడూ న్యాయమని ఒప్పుకోలేదన్నది కూడా అంతే పాత సంగతి. మాదిగలు తమ మూలపురుషుడిగా చెప్పుకునే జాంబవంతుడు భూమి కంటే ఆరు నెలలు ముందు పుట్టాడని వారి కథ. వసిష్ఠుడి భార్య అరుంధతి తమ ఆడపడుచు అని చెబుతారు, అరుంధతీయులు అన్న పేరు దాని నుంచే వచ్చింది. పెళ్ళిలో అన్ని కులాల వధువులకూ చూపించే నక్షత్రం మా ఇంటి ఆడబిడ్డ అని చెప్పుకునే జనం తమను తాము తక్కువవారుగా భావించారని అనడం కుదరదు. 12వ శతాబ్దపు వీరశైవ ఉద్యమంలో మాదిగ భక్తుడైన మాదర చెన్నయ్యను భక్తుల్లో అగ్రగణ్యుడిగా కొలిచారు, తెలుగు వీరశైవ కావ్యాలు ఆయన కథను భద్రపరిచాయి. పురాణాన్ని చరిత్రగా తీసుకోమని నేను చెప్పడం లేదు. ఒక జాతి తన గురించి తాను ఏమనుకుందో తెలియాలంటే ఆ కథలే ఆధారం.

ఇప్పుడు గంజి సంగతి. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా ఫలితం లేదని అమెరికాలోని పెద్దలు ఆ మిషన్‌ను ఎత్తేయాలని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1854 జనవరి 1న అదే మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ కొద్దిమందితో కలిసి ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశాడు. మన ఊళ్ళో ప్రార్థన కొండ అంటున్నది దానినే. ఆ మిషన్ తరఫునే వచ్చిన జాన్ ఎవెరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

ఇక్కడే యర్రగుంట్ల పేరయ్య గురించి చెప్పాలి, ఎందుకంటే చరిత్రను క్లౌతో మొదలుపెట్టేవాళ్ళు ఆయన్ను మరచిపోతారు. పేరయ్య ఒంగోలుకు దూరంగా పడమటి మెట్టలోని ఒక పల్లెకు చెందిన మాదిగ, తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాదికి తిరిగినవాడు. క్రైస్తవం పేరు వినకముందే ఆయన రాజయోగ సంప్రదాయంలో ఉపదేశం పొందాడు, ఆయన గురువుల్లో ఒక స్త్రీ కూడా ఉంది. బొమ్మలకు మొక్కడం మానేసి, ఒక్క దేవుణ్ణి వెదుకుతూ, తన వెంట శిష్యులను కూడగట్టుకున్న మనిషి ఆయన. ఏలూరు వైపు తిరిగినప్పుడు క్రైస్తవ బోధ విని, ఒంగోలుకు దొర వస్తాడని తెలిసి, తానే నడిచి వెళ్ళి కలిశాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పుచ్చుకున్నారు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ ఆ తరం వృద్ధుల జ్ఞాపకాలను సేకరించి 1899లో పుస్తకంగా అచ్చు వేయించినందువల్లనే మనకు ఈ వివరాలు దక్కాయి. ధాత కరువు 1876లో మొదలైంది. అంటే కరువుకు పదేళ్ళ ముందే, పేరయ్య లాంటివాళ్ళు పల్లె పల్లె తిరిగి, తమ బంధువుల అరుగుల మీద కూర్చుని, చెప్పులు కుడుతూనే కొత్త బోధ వినిపించారు. ఆ మాట చుట్టరికాల దారిలో పాకింది.

క్లౌ మొదట అగ్రవర్ణాల మీదే ఆశ పెట్టుకున్నాడన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒంగోలు బడిలో బ్రాహ్మణ పిల్లలు, కోమట్ల పిల్లలు చదివేవారు. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని వాళ్ళు తేల్చి చెప్పారు, మాదిగలను చేర్చుకోగానే అన్నంత పనీ చేశారు. అంటే మాదిగలు వచ్చి దొర ఎంచుకున్న దారినే మళ్ళించారు.

కరువు వచ్చింది. 1876, 1877 వర్షాలు పోయాయి. బంగారం లాంటి ఒంగోలు జాతి పశువులు మేత లేక పడిపోయాయి, మేర ఇచ్చే కళ్ళాలే లేవు, ఊరి మీద ఆధారపడిన పల్లె ముందుగా ఆకలికి గురైంది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం చేపట్టింది. పనుల్లో మేస్త్రీలు మాదిగలను తిట్టి తరిమేస్తున్నారని, కూలి కాజేస్తున్నారని తెలుసుకున్న క్లౌ మూడున్నర మైళ్ళ కాలువను స్వయంగా గుత్తకు తీసుకున్నాడు. అమెరికాలో భూమి సర్వే పని చేసి ఉన్నందువల్ల ఆయనకు లెవెళ్ళు, కొలతలు తెలుసు. తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. అక్కడ జనం గంజి కోసం చేయి చాచలేదు. తట్ట మోసి, పార పట్టి, కొలత ప్రకారం మట్టి ఎత్తి, కూలి తీసుకున్నారు. ఆ రోజుల్లో మాదిగవాడికి తిట్టు లేకుండా పూర్తి కూలి చేతిలో పడటం ఎంత కొత్త అనుభవమో, ఊరి వెట్టి సంగతి పైన చదివిన మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అసలు తేదీలు. కరువు పనులు సాగినన్నాళ్ళు, సుమారు పదిహేను నెలల పాటు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న నింద రాకూడదనే ఆ నిర్ణయం తీసుకున్నాడు. జనం గుంపులుగా వచ్చి అడిగినా తిప్పి పంపాడు. సాయం నిలిపివేసి, ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని చెప్పిన తరవాత కూడా వాళ్ళు మళ్ళీ వచ్చారు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరి చొప్పున నీళ్ళలో నిలబడి, అలసిన ఇద్దరి స్థానంలో మరో ఇద్దరు దిగుతూ, ఒక్క రోజులో ఆ పని పూర్తి చేశారు. క్లౌ ఆ రోజు నీళ్ళలోకి దిగనే లేదు. ఆ ఏడాది చివరికి అలా చేరినవారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. గంజి కోసమే అయితే గంజి ఉన్నప్పుడు వచ్చి, అది ఆగిపోయాక వెళ్ళిపోవాలి కదా. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. కరువు ప్రభావమే లేదని నేను అనను. ఆకలి రోజుల్లో ఎవరు మనిషిగా చూశారో పల్లె గుర్తుపెట్టుకుంది, ఆ నమ్మకం తప్పకుండా పనిచేసింది. కానీ నమ్మకం కుదిరి ఒక నిర్ణయం తీసుకోవడానికీ, తిండికి అమ్ముడుపోవడానికీ తేడా చూడలేనివారు ఆ తరాన్ని అవమానిస్తున్నారు.

ఆ నిర్ణయానికి వాళ్ళు చెల్లించిన వెల కూడా తరగతిలో చెప్పండి. కొత్తగా చేరినవారు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు, కనుక గ్రామదేవతల జాతరలో డప్పూ కొట్టరాదు. మూడూ ఊరి కట్టడికి ఎదురు నిలిచినవే. దానికి ఊళ్ళు పనికి పిలవడం మానేశాయి, బావుల దారులు మూశాయి, అంగళ్ళలో సరుకు అమ్మలేదు, కొన్నిచోట్ల దొంగతనాలు మోపి ఠాణాలకు ఈడ్చాయి. గంజికి ఆశపడే మనిషి గంజి పోసే చేతిని అలా వదులుకోడు.

డప్పు మానేయడం గురించి నాకు రెండు మనసులున్నాయి. ఆనాటివారికి అది వెట్టికి గుర్తు, కనుక మానడం న్యాయం. కానీ దానితోపాటు కొన్ని దరువులు కూడా పోయాయి. వరిగడ్డి మంట దగ్గర డప్పును కాచి, బిగువు చూసి, ఒక చేత చిర్ర, మరో చేత చిటికెన పుల్ల పట్టి వాయించే మా పెదనాన్న, చర్చికి పోయే ఇంట పుట్టి కూడా, పొలం గట్టు మీద ఒంటరిగా ఉన్నప్పుడు తొడ మీద ఆ దరువులు వేసేవాడు.

పల్లెలోకి వచ్చిన అసలు మార్పు బడి. ప్రతి క్రైస్తవ సంఘానికీ ఒక బోధకుడు, ఆయనే పంతులు, గుడిసే బడి. రామాయపట్నంలో 1870లలో క్రైస్తవ వేదపాఠశాల పెట్టి, నిన్నటి దాకా లందల దగ్గర పనిచేసిన యువకులను బోధకులుగా తీర్చారు. రాత్రి దీపం వెలుగులో పెద్దవాళ్ళు కూడా అక్షరాలు దిద్దారు. ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు ఇతర జిల్లాలకంటే ముందుగా కనిపించడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. సంఘాల్లో మాత్రం కులం చావలేదు. కోస్తాలో చాలాచోట్ల మాల సంఘం, మాదిగ సంఘం విడివిడిగానే నడిచాయి.

అదే సమయంలో కులవృత్తి కూలిపోయింది. పచ్చి తోళ్ళు మద్రాసు వ్యాపారుల చేతికి పోయి, ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి కపిలలు మూలపడి, రబ్బరు చెప్పులు సంతల్లో దిగాక లంద ఎండిపోయింది. వృత్తి పోయినా దాని మీద వేసిన మచ్చ పోలేదు; చెప్పు కుట్టడం రాని మనవణ్ణి కూడా తాత వృత్తి పేరుతోనే తిట్టారు.

ఇక చట్టం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ–సీ కింద ఒక శాతం కోటాలో పెట్టారు. పల్లెలో అంటరానితనం మతం అడిగి రాలేదు, చట్టం మాత్రం మతం అడిగింది. అందువల్ల ఒకే ఇంట్లో ప్రార్థన ఒక తీరుగా, ధ్రువపత్రం మరో తీరుగా ఉండే ఇబ్బంది వచ్చింది. దీన్ని మోసంగా చూపించేవారు ముందు ఆ నిబంధన న్యాయాన్ని చర్చించాలని కోరుతున్నాను.

చదువు, ఓటు వచ్చాక కూడా ఊరి గీత ఎంత గట్టిగా ఉందో 1985 జులై 17న కారంచేడు చూపించింది. అప్పుడు ఆ గ్రామం ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. అంతకు ముందురోజు, మాదిగలు తాగే నీళ్ళ చెరువును మురికి చేయవద్దని పల్లె మనుషులు ఊరివాళ్ళకు అభ్యంతరం చెప్పారు. 17న ఊరి గుంపులు పల్లె మీద పడి ఆరుగురు మాదిగలను చంపాయి. మిగిలినవారు చీరాలకు తరలివచ్చి శిబిరంలో తలదాచుకున్నారు, ఊరికి తిరిగి వెళ్ళబోమని అక్కడే స్థిరపడ్డారు. ఆ శిబిరం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటి వారి నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీసిన ఘటనల్లో కారంచేడు ఒకటి. ఆ హత్యల కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2008 అయింది. దాడి జరిగిన వారంలో చీరాల వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. శిబిరంలో ఒక ముసలమ్మ తన వెంట తెచ్చుకున్న వస్తువు ఒక ఖాళీ మంచినీళ్ళ బిందె. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలలేదు.

మూడో ప్రశ్నకు జవాబు కూడా ఈ జిల్లాలోనే ఉంది. 1994 జులై 7న నాగులుప్పలపాడు మండలం ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. దాన్ని జనం దండోరా అన్నారు. ఊరి ఆజ్ఞలు చాటడానికి మాదిగ చేత మోయించిన పని పేరే ఆ ఉద్యమానికి పేరయింది. వరంగల్ జిల్లాకు చెందిన మంద కృష్ణతో మొదలై, వేల మంది తమ పేరు చివర మాదిగ అని రాసుకున్నారు. తిట్టుగా వాడిన పదాన్ని సంతకంలో పెట్టడం ఎంత ధైర్యమో, ఉద్యోగంలో కులం దాచుకుని బతికిన నా తరానికి బాగా తెలుసు. నేను ఆ పని చేయలేకపోయాను, నా కొడుకు చేశాడు.

వాదన సూటిగా ఉంది. ఎస్సీల పదిహేను శాతం వాటాలో చదువు ముందుగా అందిన కులాలకు ఎక్కువ, మిగిలినవారికి తక్కువ చేరుతోంది. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలోని ఎస్సీల్లో దాదాపు సగం మంది మాదిగలే అయినా ఉద్యోగాల్లో ఆ నిష్పత్తి లేదు. జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ తరవాత ప్రభుత్వం ఎస్సీలను ఏ, బీ, సీ, డీలుగా విభజించి, రెల్లి తదితర కులాలకు ఒకటి, మాదిగ వర్గానికి ఏడు, మాల వర్గానికి ఆరు, ఆది ఆంధ్ర వర్గానికి ఒక శాతం చొప్పున ఇచ్చింది. 2000లో చట్టం చేసింది. 2004 నవంబరు 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇరవై ఏళ్ళ తరవాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని తేల్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీలను మూడు వర్గాలుగా చేసి, రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం కేటాయించింది.

దీనివల్ల దళితుల ఐక్యత దెబ్బతింటుందని మాల మిత్రులు అంటారు. వాళ్ళ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే కారంచేడులో చనిపోయింది మాదిగలైనా చీరాల శిబిరంలో మాలలూ మా పక్కన నిలబడ్డారు. అయినా పంచుకోవలసిన చోట కొలత అడగడం ఐక్యతను చెడగొట్టడం కాదని నా తీర్మానం. కళ్ళం అంచున కొలత అడగలేని స్థితి ఎలా ఉంటుందో మా ఇళ్ళకు తెలుసు.

మీ పరిశోధనకు ఒక సూచన. మీ నాయనమ్మ గారి పల్లెలో పాత సంఘం ఉంటే బాప్తిస్మాల రిజిస్టరు చూపించమని సంఘ పెద్దలను అడగండి. మొదటి పేర్ల పక్కన ఉన్న తేదీ రాసుకోండి. అది 1878 కంటే ముందుదో, కరువు సాయం ఆగిన తరవాతదో మీరే చూడవచ్చు. రిజిస్టరు చూడటానికి ముందే నాయనమ్మ గారి పక్కన కూర్చుని, వాళ్ళ ఇంట్లో లంద ఏ మూలన ఉండేదో, ఏ ఏడు ఎండిపోయిందో అడగండి. అది ఏ రిజిస్టరులోనూ ఉండదు.